చలియు, దుర్బలదేహమును, విశ్వాసమును

మార్గశిరము ప్రవేశించినది మొదలు ప్రొద్దు కుఱుచయై రాత్రి దీర్ఘమగును. తెల్లవాఱుజామున మంచు వరికుప్పలమీద బలుచని దుప్పటివలె బఱచుకొనియుండును. ఈ కాలమున బలవంతుల మనస్సు సహజముగా నుల్లసిల్లును. ఆకలి వృద్ధియగును, నిద్ర గాఢమగును, క్రొత్తబియ్యమును, క్రొత్తబెల్లమును ఇల్లు చేరును, పిల్లలు భోగిమంటకై పిడకలదండలు గ్రుచ్చుచుందురు. కాని యా యింటనే వేఱొక గదిలో నొక వృద్ధుడో, దీర్ఘకాలము జబ్బుపడి లేచిన యువతియో, ఉబ్బసముతో బాధపడు గృహస్థుడో కాళ్లు కడుపులోనికి ముడుచుకొని, తెల్లవాఱుట కింక నెంతసేపున్నదో యని గడియారపు చప్పుడు వినుచుందురు. ఋతువొక్కటే, ఇంటికప్పొక్కటే, ఒకరికది పండుగ, మఱియొకరికది పరీక్ష. ఈ రెండవవారి పక్షమున నాలోచింపవలయునని మేమీ వ్యాసమునకు బూనుకొనితిమి.

విచారింపవలసిన ప్రశ్న యిది. దేహము దుర్బలమై, చలి దానిని బీడించునప్పుడు, ఈశ్వరునియందు విశ్వాసము గలవారు ఎట్లు మెలగవలెను? విశ్వాసమనగా చలిని లెక్కసేయకుండుటయా? లేక, దేహము దుర్బలమైనందుకు సిగ్గుపడి, నోరు మెదపక సహించుటయా? లేక, కంబళియు, మందును, వైద్యుడును ఉండగా విశ్వాసముతో మనకు బనియే లేదా? ఈ మూడభిప్రాయములును మన యిండ్లలో నేటేట వినబడుచునే యున్నవి. మూడింటియందును గొంత సత్యము గలదు. కాని వానిలో నేదియు దుర్బలునకు నిజమైన యాశ్రయము కాజాలదని మా నమ్మకము. ఒక్కొక్కదానిని బరిశీలింతము.

ముందుగా, చలి దేహము నేమిచేయునో తెలిసికొనుట యావశ్యకము. వస్తుతత్త్వము నెఱుగక చేసిన ధర్మవిచారము గాలిలో మేడ కట్టుటవంటిది. ఆరోగ్యవంతుని దేహాంతర్భాగమున నుండు వేడిమి సుమారు 37 సెంటీగ్రేడు డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగువకు బోయినచో వైద్యులు దానిని బ్రమాదావస్థగా బరిగణింతురు. వెలుపల చలి హెచ్చినప్పుడు చర్మమునందును, వ్రేళ్ల కొనలయందును గల రక్తనాళములు ముడుచుకొనును. రక్తము దేహపుటంచులను విడిచి, గుండె మొదలగు ముఖ్యస్థానములను గాపాడుటకై లోనికి మరలును. కండలు వణకి వేడిని బుట్టించును. ఈ యేర్పాటు యౌవనమున జక్కగా బనిచేయును. వార్ధక్యమునందన్ననో, కండలు తఱిగిపోవుటచే వణకు చాలినంత వేడిని బుట్టింపజాలదు. చర్మము చలిని త్వరగా గ్రహింపదు. నాళములు ముడుచుకొనుటచే రక్తపుపోటు హెచ్చి గుండెకు భారమగును. ఉబ్బసముగలవారికి చల్లనిగాలి తగిలినతోడనే శ్వాసనాళములు బిగిసికొనును. కావున ముదుసలి ‘నాకు జలిగా లేదు’ అని చెప్పినప్పుడు ఆమె యబద్ధమాడినది కాకున్నను, ఆ మాటను బట్టి మనము నిశ్చింతగా నుండరాదు. చలి యామెకు దెలియకమునుపే యామె దేహమును జేరియుండవచ్చును.

ఇది హిమాలయప్రాంతములవారి సంగతి గాని మన సంగతి గాదని యనుకొనుట పొరపాటు. 2015వ సంవత్సరమున ‘లాన్సెట్’ అను వైద్యపత్రికయందు బ్రకటింపబడిన యొక పరిశోధనము 13 దేశములకు జెందిన 384 ప్రదేశములలో సంభవించిన 7 కోట్ల 40 లక్షలకు బైబడిన మరణములను బరిశీలించినది. వానిలో నూటికి 7కు బైగా చలితో సంబంధించినవనియు, ఎండతో సంబంధించినవి నూటికి అరవంతుకూడ లేవనియు నందు దేలినది. అంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి గలదు. చలివలని మరణములలో నధికభాగము భయంకరమైన హిమపాతములవలన గాక, ఎవరును బెద్దగా బాటింపని మితమైన చలివలననే కలిగినవి. మన దేశము ఆ 13 దేశములలో జేరలేదు. కాని థాయిలాండు, బ్రెజిలు వంటి యుష్ణదేశములు చేరియున్నవి. కావున గోదావరీతీరమున నున్న మనకును ఈ హెచ్చరిక వర్తించును. చలి పులివలె గర్జించి వచ్చునది గాదు. పిల్లివలె నడుగుల చప్పుడు లేక గదిలో బ్రవేశించునది.

ఇక మొదటి యభిప్రాయమును జూతము. విశ్వాసముగలవాడు చలిని ధిక్కరింపవలెనని కొందఱందురు. మాఘమాసమున నక్షత్రములుండగనే లేచి, చన్నీట మునిగి, తడిబట్టలతో జపము చేసినగాని తమ భక్తి భక్తి కాదని తలచు పెద్దలు మన యిండ్లలో నేటికిని గలరు. ఆ నియమనిష్ఠను మేము పరిహసింపము. ఇంద్రియములను స్వాధీనమున నుంచుకొనుట గొప్పగుణము. సుఖమునకు దాసుడైనవాడు ఏ సత్కార్యమును జేయజాలడు. ఇరువదియేండ్ల యువకుడు ఉదయముననే లేచి చన్నీట స్నానము చేసినచో మేము సంతోషింతుము. కాని డెబ్బదియేండ్లు దాటి, గుండెజబ్బుతో నున్న తల్లి యదే నియమమును బట్టుకొని వణకుచుండగా, కుమారులు ‘మా యమ్మ నిష్ఠ యటువంటిది’ అని పొరుగువారితో గర్వముగా జెప్పుకొనుట భక్తియా? ఆ గర్వమునకు మూల్య మెవరు చెల్లించుచున్నారు?

పూర్వులు మనకంటె దయార్ద్రహృదయులై యుండిరి. ధర్మశాస్త్రకారులు స్నానమును ఏడువిధములుగా విభజించిరి: మంత్రముతో జేయునది మాంత్రము, మృత్తికతో భౌమము, భస్మముతో నాగ్నేయము, గోధూళితో వాయవ్యము, ఎండతో గూడిన వానలో దివ్యము, జలముతో వారుణము, ధ్యానముతో మానసము. నీటిలో మునుగుట యీ యేడింటిలో నొకటి మాత్రమే. రోగి యెట్లు స్నానము చేయునని వారు ముందుగనే యాలోచించిరన్నమాట. ధ్యానమే స్నానమని వారంగీకరించియుండగా, జబ్బుతో నున్నవారిని మనము చెఱువుగట్టునకు బంపుట వారికంటె నధికధార్మికుల మగుట గాదు. వారి కరుణను మఱచుట మాత్రమే. చరకసంహితయందు సూత్రస్థానమున ఆఱవ యధ్యాయము ఋతుచర్యను బోధించుచు, హేమంతమున దైలాభ్యంగమును, వెచ్చని గృహమును, దట్టమైన వస్త్రములను, వేడినీటిని విధించుచున్నది. శీతకాలమున జఠరాగ్ని ప్రబలమగునని చెప్పునప్పుడుకూడ ఆ గ్రంథము బలవంతుల విషయముననే యట్లు చెప్పినది. ఒకే చలి బలవంతునకు బలము నిచ్చును, బలహీనునివద్ద నున్న కొంచెమును గూడ హరించునని పూర్వు లెఱుగుదురు.

బౌద్ధుల వినయపిటకమునందు, మహావగ్గమున, ఈ సందర్భమునకు మిక్కిలి తగిన వృత్తాంతమొకటి గలదు. భిక్షువులు మూటలకొలది వస్త్రములను మోసికొని పోవుచుండగా బుద్ధుడు చూచెను. వస్త్రముల కొక మితి నేర్పఱుపవలెనని తలచెను. కాని యాసనమున గూర్చుండి తోచిన సంఖ్యను జెప్పలేదు. వైశాలియందు గోతమకచైత్యమున, మంచు కురియు శీతకాలపు రాత్రి, ఆరుబయట నొక్క వస్త్రముతో గూర్చుండెను. మొదటిజాము గడచునప్పటికి జలివేసెను. రెండవ వస్త్రమును గప్పుకొనెను. నడిజాము గడచునప్పటికి మరల జలివేసెను, మూడవదానిని గప్పుకొనెను. కడజాము గడచి తూర్పు తెల్లవాఱుచుండగా నాల్గవదానిని గప్పుకొనెను. అంతట, సహజముగా జలికి దాళలేనివారును, చలికి వెఱచువారును గూడ బ్రతుకగలుగునట్లు, రెండుపొరల పైదుప్పటితో గూడిన మూడు చీవరములను అనుమతించెను.

ఈ వృత్తాంతమున గమనింపదగిన విషయములు రెండు. చలి యెంతయో ఆయన యితరుల దేహములమీద గాక తన దేహముమీదనే కొలిచి చూచెను. ఇది మొదటిది. నియమమును జేయునప్పుడు బలిష్ఠుని సహనమును గాక, చలికి వెఱచువాని యవసరమును గొలబద్దగా దీసికొనెను. ఇది రెండవది. సర్వమును ద్యజించిన సన్న్యాసులకే యింతటి దయను జూపవలసియుండగా, గృహస్థులమగు మనము మన పెద్దలకు అంతకంటె గఠినమైన నియమమును విధింతుమా?

చలిని ధిక్కరించుటలో మఱియొక దోషముగలదు. ‘ఈశ్వరుడే కాపాడును’ అని దుర్బలుడు చన్నీటిలో దిగినప్పుడు, అతడు పైకి విశ్వాసమును బ్రకటించుచున్నట్లు కనబడును. కాని వాస్తవమున నతడీశ్వరునకు బరీక్ష పెట్టుచున్నాడు. కట్టెను, నిప్పును, నూలును, ఉన్నిని సృష్టించి, వానిని వినియోగించు బుద్ధిని మనకు బ్రసాదించినవా డీశ్వరుడే. ఆ బుద్ధిని మూలబెట్టి, మన కొఱకు బ్రకృతినియమములను మార్చుమని యాయనను గోరుట విశ్వాసము గాదు. చనువును మించిన సాహసము. అంతియేకాక, అట్లు సాహసించినవాడు జ్వరముతో బడినప్పుడు రాత్రులు మేలుకొనవలసినవా రెవ్వరు? భార్యయో, కోడలో, కుమార్తెయో. ఒకరి పుణ్యమునకు మఱియొకరి నిద్రను వెచ్చించుట ధర్మమని యేశాస్త్రము చెప్పును?

రెండవ యభిప్రాయము మౌనముగా సహించుట. ఇది చూచుటకు వినయమువలె నుండును. ‘ఎవరికిని భారము కాగూడదు’ అని మన పెద్దలు తఱచుగా ననుచుందురు. ఇంకొక దుప్పటి యడిగినచో గోడలి నిద్ర చెడునేమో యని యడుగరు. గదికిటికీ మూయుమని చెప్పినచో మనుమల కుక్కయగునేమో యని చెప్పరు. దుర్బలత్వము తమ యపరాధమైనట్లు దాచుకొందురు. ఈ మౌనము వెనుక నున్న ప్రేమకు మేము నమస్కరింతుము. కాని యీ మౌనమువలన గలుగు కీడును జూపుటకు రెండు చరిత్రాంశములను బేర్కొందుము. రెండును శీతదేశములయందు జరిగినవి. రెండింటను బాధపడినవారు మహామేధావులు. మేధ చలిని వారింపజాలదు గదా.

ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్తయగు డెకార్టు బాల్యమునుండియు దుర్బలదేహుడు. లా ఫ్లేష్ పాఠశాలయందు గురువు లతని యనారోగ్యమును గమనించి, ఉదయమున నాలసించి శయ్యను విడుచుటకు ననుమతించిరి. ఆ యలవాటు పెద్దయైన పిమ్మటను గొనసాగెను. 1649లో నతడు స్వీడను రాణియగు క్రిస్టీనా యాహ్వానమున స్టాక్‌హోమ్ నగరమునకు బోయెను. రాణి తత్త్వపాఠమునకు నిర్ణయించిన వేళ ఉదయము 5 గంటలు, కాలము నడిచలికాలము. 1650 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయస్సున, ఊపిరితిత్తుల వాపుతో నతడు మృతినొందెను. క్రిస్టీనా క్రూరురాలు గాదు. విద్యయందు నిజమైన ప్రీతిగల యిరువదిమూడేండ్ల యువతి. ఆమెకు వేకువజాము హాయిగా నుండెను. ఇతరులకును నట్లే యుండుననుకొనెను. తన దేహమునే లోకమునకు గొలబద్దగా జేసికొన్న బలవంతుని మంచితనమునుండి గూడ దుర్బలునకు బ్రమాదము గలదు. మన యిండ్లలో వేకువనే వంట పూర్తికావలెననియు, ప్రయాణము చలిలోనే సాగవలెననియు నాజ్ఞాపించు మంచివారందఱు ఈ రాణిని జ్ఞప్తియం దుంచుకొందురుగాక.

రెండవది మనకు మఱింత సన్నిహితమైనది. గణితశాస్త్రజ్ఞుడగు శ్రీనివాస రామానుజన్ 1914 ఏప్రిలులో మద్రాసునుండి ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో నివసించెను. అతడు దైవభక్తి గలవాడు. నామక్కల్ నామగిరి తాయారు అతని యిలవేల్పు. మాంసము ముట్టక, తన భోజనమును దానే వండుకొనుచుండెను. పిమ్మట భారతీయ గణాంకశాస్త్ర సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ అప్పు డక్కడనే విద్యార్థిగా నుండెను. ఒకనాడతడు, రాత్రులు వెచ్చగా నుండునా యని రామానుజన్‌ను అడిగెను. పైకోటు తొడుగుకొని, శాలువ చుట్టుకొని పరుండినను చలివేయుచున్నదని రామానుజన్ చెప్పెను. మహలనోబిస్ పడకగదిలోనికి బోయి చూడగా, మంచముమీద గంబళు లనేకములుండెను. కాని యవి యా దేశపు బద్ధతిని బఱుపుక్రిందకు బిగించి మడువబడి, పైన నొక దుప్పటి వదులుగా గప్పబడియుండెను. కంబళులను దొలగించి వాని నడుమ దూఱి పరుండవలెనని రామానుజన్‌కు దెలియదు. అతడు పైదుప్పటి క్రిందనే పరుండుచుండెను. స్నేహితుడు కంబళులను విప్పి, ఎట్లు పరుండవలెనో చూపెను.

ఈ కథను మేధావి యమాయకత్వమునకు దృష్టాంతముగా జెప్పుకొని నవ్వుకొనుట కలదు. మాకది నవ్వదగినదిగా దోపదు. వెచ్చదనము వ్రేళ్ల కందుదూరముననే యుండెను. లేనిది తెలిపెడు మనుష్యు డొక్కడే. ఎన్ని రాత్రులు అతడట్లు వణకుచు గడపియుండునో! అతని చలిని దీర్చినది క్రొత్త కంబళి గాదు. ‘రాత్రులు మీకు వెచ్చగా నున్నదా?’ యను నొక్క ప్రశ్న. మన యిండ్లలోని దుర్బలులలో జాలమంది స్థితి యిదియే. బీరువానిండ గంబళులుండును; అడుగుట వారికి సిగ్గు, అడిగి తెలిసికొనుట మనకు దీఱిక లేమి. కావున మౌనముగా సహించువారితో మేము వినయముతో నొక మాట మనవి చేయుదుము: పెద్దలారా, మీ యక్కఱను జెప్పుట భిక్షమెత్తుట గాదు. మీరు చెప్పనిచో మీ బిడ్డలు తమకు జేయదగిన ధర్మమును గోల్పోవుదురు. పుచ్చుకొనుటయందును నౌదార్యము గలదు. దేహము దుర్బలమైనందుకు సిగ్గుపడనక్కఱలేదు. అది పాపఫలము గాదు, కాలధర్మము.

ఇక మూడవ యభిప్రాయము. కంబళియు, వేడినీరును, వైద్యుడును ఉన్నచో జాలును, విశ్వాసముతో బనియేమి యని నవీనులు కొందఱందురు. వారి మాటలో మొదటి సగమును మేము సంపూర్ణముగా నంగీకరింతుము. కంబళి చేయవలసిన పనిని బ్రార్థన చేయదు. చేయవలెనని కోరుటయు దగదు. న్యుమోనియా వచ్చినవానికి మందిప్పింపక స్తోత్రములు చదువుట స్తోత్రములకే యవమానము. కాని, కంబళి చేయలేని పనియు నొకటి యున్నది. రాత్రి మూడుగంటలవేళ, అందఱును నిద్రించుచుండగా, దగ్గుచే మెలకువ వచ్చిన వృద్ధుని దేహము వెచ్చగానే యుండవచ్చును. కాని యతని మనస్సున నొక ప్రశ్న మేలుకొనును: ‘వచ్చే యుగాదిని జూతునా? నే నిక నెవరికి నుపయోగము?’ ఈ ప్రశ్నకు ఉన్నిలో నుత్తరము లేదు. అమెరికాదేశమున సంతానమువద్ద నున్న మన తెలుగువృద్ధులను దలపుడు. చికాగో నగరపు మంచుకాలమున వారి గదులు యంత్రములచే వెచ్చగానే యుండును. కిటికీ వెలుపల మాటాడు మనుష్యుడు కనబడక, దినమంతయు దెల్లని వీథిని జూచుచు గూర్చుండునప్పుడు వారిని వణకించు చలి వేఱు. విశ్వాసమునకు బని ప్రారంభమగుట యిక్కడనే.

అట్లయిన విశ్వాస మేమిచేయును? మృత్యువు రాదని హామీ యిచ్చునా? ఈయదు. రామానుజన్ భక్తుడే, అతని యారోగ్యము 1917నుండి క్షీణించెను, 1919లో స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన ముప్పదిరెండేండ్లకే మరణించెను. ఆయుర్దాయమునుబట్టి విశ్వాసమును గొలుచువారి కీ జీవితము తగిన సమాధానము. కాని 1920 జనవరి 12వ తేదీన, మరణమునకు మూడునెలలు పైబడి ముందుగా, వ్యాధిగ్రస్తుడైన యా మనుష్యుడు మద్రాసునుండి హార్డీపండితునకు లేఖ వ్రాసెను. అందు దాను క్రొత్తగా గనుగొనిన, ‘మాక్ థీటా’ యని పేరిడిన ప్రమేయములను దెలిపెను. గణితజ్ఞులు ఆ ప్రమేయముల స్వరూపమును బోధపఱుచుకొనుటకు ఎనుబది సంవత్సరములకు బైగా బట్టినది. దేహమున మిగిలిన కొద్దిపాటి శక్తి నతడు భయమునకు వెచ్చింపలేదు. తనకు బ్రియమైన సత్యమునకు వెచ్చించెను. అతని మనస్సునందలి విశ్వాసమును గొలుచు నధికారము మనకు లేదు. కాని, విశ్వాసము దుర్బలదేహునకు జేయగల మేలు ఎట్టిదో యూహించుటకు ఈ దృష్టాంతము చాలును.

చలిసోకినప్పుడు దేహము చేయు పనిని మరల స్మరింపుడు. అది యంచులను వదలి, కొంతసేపు వ్రేళ్లను జల్లబడనిచ్చియైనను, గుండెను గాపాడుకొనును. ఆదిలాబాదు అడవులలోని టేకుచెట్టు నీరు చాలని కాలమున ఆకులను రాల్చుకొనుటయు నట్టిదే; ఆకులను విడువనని పట్టుబట్టినచో చెట్టే యెండిపోవును. దుర్బలకాలమున మానవాత్మయు నిట్లే చేయవలెను. మునుపటివలె నూరంతయు దిరుగుట, పదిమందికి వండిపెట్టుట, సభలలో గంటలకొలది గూర్చుండుట సాధ్యముగానిచో వానిని వదలుట యోటమి గాదు. వదలగూడనివి మూడు గలవు: ఈశ్వరునియందు గృతజ్ఞత, చుట్టునున్నవారియందు బ్రేమ, తన చేతనైనంతలో నొక చిన్న సత్కార్యము. మనుమనికి గథ చెప్పగలిగిన ముదుసలి, ఉత్తర మొక్కటి వ్రాయగలిగిన రోగి, మేలుకొన్న రాత్రివేళ తనకు బగయైనవానిని క్షమింపగలిగిన గృహస్థుడు నిరుపయోగులని యెవరనగలరు? విశ్వాసమనగా జలి లేదనుట గాదు. చలి గుండెలోనికి బ్రవేశింపకుండ గాచుకొనుట.

ఇక, ఆరోగ్యవంతులమగు మన కర్తవ్యమును గూర్చి కొన్ని మాటలు. దుర్బలుని విశ్వాసమును నిలుపుటలో మన చేతి వెచ్చదనమునకు భాగము గలదు. పెద్దల పడక కిటికీగాలికి దూరముగా నున్నదో లేదో చూడుడు. వేకువజామున నీరు కాచి యిచ్చుటను సేవకులకు వదలక మీరే యొక్కొక్కనాడు చేయుడు. బొగ్గులకుంపటిని మూసిన గదిలో నుంచి నిద్రింపకుడు. దానినుండి పుట్టు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. నిద్రించువారిని నిద్రలోనే చంపును. ఆజ్ఞాపింపకుడు, అడుగుడు. ‘స్వెటరు వేసికొమ్మని యెన్నిమాఱులు చెప్పవలెను?’ అను కసురుమాటతో నిచ్చిన యున్నివస్త్రము వెచ్చనిది గాదు. నియమనిష్ఠలుగల తల్లితో వాదమునకు దిగుటకంటె, ‘అమ్మా, మానసస్నానము చేయుము, నీ ప్రక్కనే కూర్చుండి నేనును ధ్యానింతును’ అని చెప్పి కూర్చుండుట మేలు.

మన కర్తవ్యము మన గోడలతో ముగియదు. వేకువజామున వీథులూడ్చువారు, పాలు తెచ్చువారు, మన వాకిట రాత్రియంతయు గావలికాయువారు మనవంటి దేహములు గలవారే. విశాఖమన్యములలో సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న లంబసింగి గ్రామమున గొన్ని శీతకాలపు రాత్రులు వేడిమి సున్న డిగ్రీల దాపునకు దిగును. దానిని జూచుటకై పట్టణవాసులు ఉన్నికోట్లు తొడుగుకొని వాహనములలో బోయి, మంచును మెచ్చుకొని, ఒక్కరాత్రి గడపి మరలివత్తురు. ఆ కొండలలో నివసించువారి కది యొకరాత్రి వేడుక గాదు. ప్రతివర్షమును వచ్చు కాలము. వేడుకచూడబోవువారు రెండు కంబళులను గూడ దీసికొని పోయినచో వారి వినోదమునకు లోపమేమి? దానము చేయువారు మాఘము ముగియునప్పుడు గాక మార్గశిరము మొదలగునప్పుడే చేయవలెను. చలి పోయినపిమ్మట నిచ్చిన కంబళి దాతయొక్క తృప్తికి మాత్రమే పనికివచ్చును.

ప్రార్థించువాడు తాను గంబళి కప్పుకొని ‘ఈశ్వరా, దీనులను గాపాడుము’ అని కోరి, వాకిట వణకుచున్న కావలివానిని మఱచినచో, ఆ ప్రార్థన యెచటికి బోవును? ఈశ్వరుడు దీనులను గాపాడుటకు జేతులను బంపుచునే యున్నాడు. అవి మన భుజములకే తగిలింపబడియున్నవి. విశ్వాసమునకు రెండు ముఖములు గలవు. దుర్బలునియందు అది ‘నేను విడువబడలేదు’ అను ధైర్యము. బలవంతునియందు అది ‘ఇతనిని నేను విడువను’ అను ప్రతిజ్ఞ. ఈ రెండును గలిసినప్పుడే మొదటిది నిజమగును. వణకువానిని జేర బోనివాడు, ‘ధైర్యముగా నుండుము, ఈశ్వరుడున్నాడు’ అని దూరమునుండి చెప్పుట వట్టిమాట.

విజ్ఞులారా, నేడు బలవంతులమైన మనలో నెవ్వరికిని ఈ బలము శాశ్వతముగా నొసగబడలేదు. నలువదియేండ్లనాడు చన్నీటిలో నీదినవాడు డెబ్బదియవయేట గోరువెచ్చని నీటికై కోడలిముఖము జూచును. ఆనాడు మనకే కఠినత్వము దుస్సహమగునో, దానినుండి నేడే యితరులను దప్పింతము. ఆనాడు మనమే ప్రశ్నకై యెదురుచూతుమో, ఆ ప్రశ్నను నేటిరాత్రియే మన యింట నున్న పెద్దవారి మంచమువద్దకు బోయి యడుగుదము: ‘మీకు వెచ్చగా నున్నదా?’ ఉత్తరము వినువఱకు నిలిచియుందము.

దయామయుడగు పరమేశ్వరుడు, బలమునందు మనకు మృదుత్వమును, దుర్బలత్వమునందు నిర్భయమును బ్రసాదించుగాక.